ఒకే పాటలో రెండు మూడు బేస్ గిటార్లు: అడుగున చోటు ఎవరిది?

రెండేళ్ల కిందట ఇంట్లో ఒక పాట రికార్డు చేస్తున్నాం. పల్లవి ఇంకాస్త బరువుగా ఉంటే బాగుండుననిపించింది. నా నాలుగు తీగల బేస్‌తో అప్పటికే వాయించిన స్వరాలనే మిత్రుడి ఐదు తీగల బేస్‌తో మళ్లీ వాయించి, దాని పక్కన చేర్చాను. విడివిడిగా వింటే రెండూ బాగున్నాయి. కలిపి వింటే మొదటి రెండు పాదాల్లో గదంతా నిండినట్టుంది. మూడో పాదం చివర సాగదీసి పట్టుకునే స్వరం ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి పాట అడుగు, అంటే మంద్ర ధ్వని, ఖాళీ అయిపోయింది. రెండు ట్రాకుల్లో శబ్దం ఎంతుందో చూపే మీటర్లూ బాగానే కదులుతున్నాయి. స్వరం తప్పు వాయించలేదు, కేబుల్‌లో లోపం లేదు. ఒక ట్రాక్ మ్యూట్ చేసి చూస్తే పోయిన బరువు తిరిగొచ్చింది. రెండో బేస్ వచ్చి చేరితే శబ్దం పెరగాల్సింది పోయి తగ్గిందన్నమాట.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. దీని గురించి బేస్ వాయించేవాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. పాటకు బేస్ ఒక్కటే ఉండాలి, రెండు పెడితే అంతా కలగాపులగం అవుతుందని కొందరంటారు. పేరున్న రికార్డుల్లో మూడేసి బేస్‌లు ఉన్నాయి కదా, మనమెందుకు పెట్టకూడదని కొందరంటారు. రెండు మాటలూ నిజమే. చిక్కల్లా ఏమిటంటే, ఇద్దరూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు.

ముందు ముడి విప్పుకుందాం

'ఒక పాటకు చాలా బేస్‌లు' అనే మాట కింద కనీసం నాలుగు పనులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఒకే స్వరాలను రెండు వాయిద్యాలతో ఒకేసారి వినిపించడం మొదటిది. స్టూడియో భాషలో దీన్నే డబుల్ చేయడం అంటారు. రెండు బేస్‌లకు రెండు వేర్వేరు వరసలు ఇవ్వడం రెండోది. అక్కడ ఒకటి కింద నడుస్తుంటే ఇంకొకటి పైన పాడుతుంది. చరణానికి ఒక బేస్, పల్లవికి ఇంకో బేస్ వాడటం మూడోది. దీనిలో ఏ క్షణమైనా మోగేది ఒక్కటే. నాలుగోది చాలామంది లెక్కలోకి తీసుకోరు. నాలుగైదు బేస్‌లు స్టూడియోకి తెచ్చి, అదే వరసను ఒక్కోదానితో వాయించి చూసి, పాటకు కుదిరిన ఒక్కదాన్ని ఉంచడం.

నా పల్లవిలో జరిగిన ప్రమాదం మొదటి రకంలోనే ఎక్కువ. మూడు, నాలుగు రకాల్లో అది అసలు రాదు.

ఇంకొకటి కూడా పక్కన పెట్టేయాలి. బేస్‌ను నేరుగా రికార్డింగ్ పెట్టెకు కలిపి ఒక ట్రాకు, యాంప్ ముందు మైకు పెట్టి ఇంకో ట్రాకు తీసుకోవడం చాలాచోట్ల మామూలే. తెర మీద రెండు ట్రాకులు కనిపిస్తాయి కాబట్టి ఇవి రెండు బేస్‌లని అనుకోకూడదు. వాయించింది ఒక్కసారే, మీటింది ఒక్క తీగే. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి మైకు ట్రాకు ఆ మేరకు వెనకబడుతుంది. దాన్ని ఒక్కసారి ముందుకు జరిపితే పాట పొడవునా సరిపోతుంది. రెండు వేర్వేరు బేస్‌లు వాయించినప్పుడు అలా ఒకసారి జరిపితే సరిపోదు, ఎందుకంటే వాటి మధ్య తేడా ప్రతి స్వరానికీ మారిపోతుంటుంది.

ఒక్క స్వరంలో ఏమేమున్నాయి

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ E. దాన్ని వదిలేసి మీటితే 41.2 హెర్ట్జ్ స్వరం వస్తుంది. ఐదు తీగల బేస్‌లో ఇంకా కింద ఉండే B తీగ సుమారు 30.9 హెర్ట్జ్. ఇవి మూల పౌనఃపున్యాలు మాత్రమే. తీగ మోగినప్పుడు 41తో పాటు 82, 124, 165 ఇలా పైపైన గుణిజాలు కూడా మోగుతాయి. అన్నిటికంటే ముందు, వేలో పిక్కో (తీగ మీటే చిన్న బిళ్ల) తీగను తాకిన 'టక్' అనే చిన్న దెబ్బ వినిపిస్తుంది.

నేను దీన్ని మూడు వాటాలుగా అనుకుంటాను. అడుగున ఒంటికి తెలిసే బరువు ఉంటుంది. దాని పైన, ఇది ఏ స్వరమో చెవికి చెప్పే మధ్యభాగం. ఆపైన, ఇది ఎప్పుడు మొదలైందో చెప్పే దెబ్బ. మృదంగం దగ్గర కూర్చుని విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఎడమ వైపు తొప్పి బరువిస్తుంది, కుడి వైపు మూత అక్షరాలను స్పష్టంగా పలుకుతుంది. రెండింటికీ రెండు ముఖాలు ఉన్నాయి కాబట్టి ఏదీ ఇంకొకదానికి అడ్డం రాదు. బేస్ గిటార్‌కు ఆ సౌకర్యం లేదు. ఒకే తీగ మూడు పనులూ చేయాలి, ఏ బేస్ అయినా వాటిలో ఏదో ఒకదాని వైపు మొగ్గుతుంది.

అందుకే బేస్ బేస్‌కూ అంత తేడా. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. హాఫ్నర్ కంపెనీ వయొలిన్ ఆకారపు బేస్‌లో సుమారు 30. పొట్టి తీగ వదులుగా ఉంటుంది, అడుగు గుండ్రంగా వస్తుంది, పై గుణిజాలు తగ్గుతాయి. 1960లో వచ్చిన ఫెండర్ జాజ్ బేస్‌లో ఒక పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) బ్రిడ్జికి (తీగలు మెడకు అవతలి కొసన ఆనే చోటు) దగ్గరగా ఉంటుంది కాబట్టి మధ్యభాగం ముక్కుతో పలికినట్టు స్పష్టంగా వస్తుంది. ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్ములు, లేని బేస్‌లో వేలి కండ మీద తీగ ఆనుతుంది, స్వరం మనిషి గొంతులా నెమ్మదిగా విచ్చుకుంటుంది. నిలబెట్టి వాయించే డబుల్ బేస్‌లో చెక్కపెట్టె, లోపలి గాలి కూడా మోగుతాయి. దానిలో బరువు ఎక్కువ, అంచు తక్కువ.

ఇక వినేవాడి దగ్గర ఏముందో చూడాలి. ఫోను స్పీకర్ నుంచి 41 హెర్ట్జ్ బయటకు రాదు. అయినా ఫోనులో కూడా బేస్ ఏ స్వరం వాయిస్తోందో మనకు తెలుస్తుంది. పైనున్న 124, 165 లాంటి గుణిజాలు వినిపిస్తే, కింద ఉండాల్సిన మూలాన్ని మెదడే ఊహించుకుంటుంది. మధ్యభాగం లేని బేస్ ఫోనులో మాయమైపోతుంది. రెండో బేస్ అవసరం మొదట పుట్టింది ఇక్కడే.

నాష్‌విల్ 'టిక్ టాక్'

1950ల చివర, 60ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోల్లో డబుల్ బేసే ప్రధానం. గదిలో అది ఎంత బాగా మోగినా, చిన్న రేడియోల్లోనూ కారు రేడియోల్లోనూ ఏదో మూలుగులా తప్ప స్వరంగా తెలిసేది కాదు. దానికి అక్కడి వాద్యకారులు వెతుక్కున్న ఉపాయం చక్కనిది. డానెలెక్ట్రో అనే కంపెనీ 1956లో ఆరు తీగల బేస్ ఒకటి తెచ్చింది. అది గిటార్ లాగే శ్రుతి చేసుకునే వాయిద్యం, కాకపోతే ఒక స్థాయి కింద ఉంటుంది. తీగలు సన్నవి, మెడ గిటార్‌లా ఇరుకు. డబుల్ బేస్ వాయించే స్వరాలనే దాని మీద పిక్‌తో, అరచేతి అంచు తీగలకు ఆనించి, పొట్టిగా తుంచి వాయించేవారు. వచ్చే శబ్దం టిక్, టాక్. అదే దాని పేరైంది, టిక్ టాక్ బేస్.

ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన 'క్రేజీ' పాట దీనికి మంచి ఉదాహరణ. డబుల్ బేస్ బాబ్ మూర్, ఆరు తీగల ఎలక్ట్రిక్ బేస్ హెరాల్డ్ బ్రాడ్లీ. నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ హెరాల్డ్‌కు అన్నగారే. హెడ్‌ఫోన్‌తో వింటే కూడా ఇవి రెండు వాయిద్యాలని చాలామందికి తట్టదు. పెద్ద మెత్తటి బేస్ ఒకటి ఉందని, దానికి ఒక సన్నటి అంచు ఉందని అనిపిస్తుంది, అంతే. డబుల్ చేయడం కుదిరిందనడానికి నా దృష్టిలో ఇంతకంటే గుర్తు లేదు. రెండు వాయిద్యాలు కలిసి మూడో వాయిద్యంలా వినిపించాలి.

ఎందుకు కుదిరిందో చూడండి. బరువంతా డబుల్ బేస్‌ది. డానెలెక్ట్రో సన్న తీగల్లో ఆ బరువు అసలే తక్కువ. ఉన్న కాస్తా అరచేతి కింద తొందరగా ఆగిపోతుంది. అడుగున చోటు కోసం పోటీ పడేవాళ్లు ఇద్దరు లేరు. ఈక్యూ (ధ్వనిలో ఏ భాగం ఎంత వినిపించాలో సరిచేసే మీటలు) తిప్పి సాధించింది కాదిది. వాయిద్యాన్ని ఎంచుకోవడంలో, చెయ్యి పెట్టడంలో సాధించింది. అప్పట్లోనే జర్మనీలో బెర్ట్ కెంప్‌ఫెర్ట్ వాద్యబృందంలో లాడి గైస్లర్ పిక్‌తో మీటి వెంటనే తీగను ఆపేసే తీరు 'క్నాక్‌బాస్' అన్న పేరుతో ప్రసిద్ధమైంది.

లాస్ ఏంజలిస్‌లో ఈ పద్ధతి ఇంకా పెద్దదైంది. నిర్మాత ఫిల్ స్పెక్టర్ గోల్డ్ స్టార్ స్టూడియోలో ఒకే గదిలో డబుల్ బేస్, ఎలక్ట్రిక్ బేస్, డానెలెక్ట్రో కలిపి వాయింపించేవాడు. ఆ రికార్డింగులను దగ్గరగా గమనించిన బ్రయన్ విల్సన్, బీచ్ బాయ్స్ 1966 ఆల్బమ్ 'పెట్ సౌండ్స్'లో అదే పని మరింత శ్రద్ధగా చేశాడు. ఆ ఆల్బమ్‌లోని 'గాడ్ ఓన్లీ నోస్'లో ముగ్గురు బేస్ వాయించారు. కేరల్ కే ఎలక్ట్రిక్ బేస్, రే పోల్మన్ డానెలెక్ట్రో, లైల్ రిట్జ్ డబుల్ బేస్. కేరల్ కేది ఫెండర్ ప్రెసిషన్. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జి దగ్గర ఒక ఫెల్ట్ ముక్క, గట్టి పిక్. స్వరం తొందరగా మొదలై తొందరగా ఆగేది. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే డ్రమ్ముతో, ఒకరినొకరు వింటూ వాయించారన్నది మర్చిపోకూడదు. ఒకరు వాయించి వెళ్లాక వారం తర్వాత ఇంకొకరు తన ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే ఆ కలయిక రావడం చాలా కష్టం.

నా మూడో పాదంలో ఏం జరిగింది

41.2 హెర్ట్జ్ అంటే ఒక్క అల పూర్తి కావడానికి 24 మిల్లీసెకన్ల పైన పడుతుంది. దానిలో సగం 12 మిల్లీసెకన్లు. రెండో బేస్ మొదటిదానికంటే సరిగ్గా 12 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైతే, ఒక అల పైకి లేస్తున్నప్పుడు రెండోది కిందికి దిగుతుంటుంది. రెండూ కలిసి సున్నా అవుతాయి. దీన్నే ఫేజ్ సమస్య అంటారు. చెయ్యి తిరిగినవాళ్లు వాయించినా రెండు టేకుల మధ్య 10 మిల్లీసెకన్ల తేడా మామూలే. ఆ తేడా తాళం తప్పినట్టు వినిపించదు కూడా. తాళానికి అది చాలా చిన్నది, మంద్ర స్వరానికి మాత్రం సగం అలంత పెద్దది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 12 మిల్లీసెకన్ల తేడాకు 41 హెర్ట్జ్ పోతుంది కానీ, దాని పై స్థాయి 82 హెర్ట్జ్‌కు అదే తేడా ఒక పూర్తి అలతో సమానం కాబట్టి అది రెట్టింపవుతుంది. స్వరం అక్కడే ఉంటుంది, ఒక స్థాయి పైకి జరిగినట్టు వినిపిస్తుంది. మీటర్లలో ఏమీ తేడా కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. ట్రాకులు విడివిడిగా బాగానే ఉన్నాయి, కలిసినచోట అడుగు పోయింది. తర్వాతి స్వరం A, 55 హెర్ట్జ్. దాని అల పొడవు వేరు, ఆ స్వరానికి చేతి తేడా కూడా వేరు. అందుకే ఒక స్వరం ఉబ్బుతుంది, పక్క స్వరం సన్నబడుతుంది. వినేవాడికి వాయించినవాడి చెయ్యి నిలకడగా లేదేమో అనిపిస్తుంది.

ఇక శ్రుతి. తంబురా తీగల మధ్య వెంట్రుకవాసి తేడా ఎంత అందమో మనకు తెలుసు. అదే తేడా బేస్‌లో అడుగున వేరే పని చేస్తుంది. E తీగ రెండు బేస్‌లలో పది సెంట్లు, అంటే అరస్వరంలో పదో వంతు, తేడాగా ఉందనుకోండి. 41 హెర్ట్జ్ దగ్గర ఆ తేడా హెర్ట్జ్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. అపశ్రుతిగా చెవికి తెలియదు. కానీ సుమారు నాలుగు సెకన్లకొకసారి స్వరం ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బుతుంది. నా పాటలో పట్టుకున్న స్వరం మూడు సెకన్లు. అది సరిగ్గా తగ్గే చోట పడింది. ట్యూనర్‌లో రెండు బేస్‌లూ పచ్చ లైటే చూపించాయి. వదిలేసి మీటిన తీగ సరిపోయినంత మాత్రాన, నొక్కి వాయించే చోట సరిపోతుందని లేదు. పైగా గట్టిగా మీటితే స్వరం మొదట కాస్త పైన మొదలై తర్వాత కిందికి కుదురుకుంటుంది. ఇద్దరి మీటులోని బలం వేరైతే ఈ కుదురుబాటు కూడా వేరవుతుంది.

స్వరం ఆగే చోటు గురించి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. మొదలు కలిపితే చాలనుకుంటాం. కానీ పాట నడక చెడేది ఎక్కువగా చివర్లలోనే. ఒక బేస్ ఆగిపోయి ఇంకోటి ఇంకా మోగుతుంటే ఆ ఖాళీలో పడాల్సిన కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్ము) దెబ్బ మునిగిపోతుంది. టిక్ టాక్‌లో రెండోది ఎప్పుడూ ముందే ఆగిపోతుంది. అందుకే అక్కడ ఈ గొడవ లేదు.

రెండు వరసలు: హెర్బీ ఫ్లవర్స్ పని

డబుల్ చేయడం కంటే రెండో రకం నాకు ఇష్టం. రెండు బేస్‌లకు రెండు వరసలు. దీనికి అందరూ చెప్పే ఉదాహరణే నేనూ చెబుతాను, ఎందుకంటే దాన్ని మించింది నాకు దొరకలేదు. లూ రీడ్ 1972 పాట 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్', లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో రికార్డయింది. బేస్ వాయించినది హెర్బీ ఫ్లవర్స్. ముందు డబుల్ బేస్ వాయించి, దాని మీద ఎలక్ట్రిక్ బేస్‌తో ఇంకో వరస చేర్చాడు. కింద ఒకటి జారుతుంటే పైన ఇంకోటి జారుతుంది. పాటకు గుర్తింపే ఆ జారుడు. రెండు వాయిద్యాలు వాయిస్తే సెషన్ ఫీజు రెట్టింపు వస్తుందని, ఆ ఆలోచన వెనక అదీ ఒక కారణమని ఫ్లవర్స్ దాచకుండా చెప్పేవాడు.

కారణం ఏదైనా, ఎంచుకున్న దూరం మాత్రం గొప్పది. రెండు బేస్‌ల మధ్య ఉన్నది పదో స్వరాంతరం. మన లెక్కలో చెప్పాలంటే కింద షడ్జమం, పై స్థాయిలో గాంధారం. అదే గాంధారాన్ని పక్కనే, అదే స్థాయిలో పెట్టి ఉంటే ఏమయ్యేది? కింది C సుమారు 65 హెర్ట్జ్, దాని పక్క E 82. అంత అడుగున అంత దగ్గరున్న రెండు స్వరాలను చెవి విడదీయలేదు, బురదలా వినిపిస్తుంది. E ని ఒక స్థాయి పైకి తీసుకెళ్తే 165 అవుతుంది. అక్కడ అది స్పష్టంగా పాడుతుంది, అడుగు ఒక్కదాని చేతిలోనే ఉంటుంది. రెండు బేస్‌లే అయినా ఒక తీగ శ్రుతి, ఇంకో తీగ గమకం వినిపించినంత తేటగా ఉంటుంది.

ఇదే సూత్రం చాలా చోట్ల కనిపిస్తుంది. బీటిల్స్ 1965 పాట 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్'లో పాల్ మెకార్ట్నీ మామూలు బేస్ వరస మీద ఫజ్ వేసిన ఇంకో బేస్ వాయించాడు. ఆ ఫజ్ గరుకంతా మధ్యభాగంలోనే ఉంటుంది. న్యూ ఆర్డర్ 'బ్లూ మండే'లో అడుగు సింథసైజర్‌ది, పీటర్ హుక్ బేస్ పై తీగల మీద రాగం తీస్తుంది. ద క్యూర్ పాటల్లో సైమన్ గాలప్ బేస్ కింద నడుస్తుంటే, రాబర్ట్ స్మిత్ ఫెండర్ ఆరు తీగల బేస్‌తో పైన వాయిస్తాడు.

బేస్ మారిందా, తీగ మారిందా

పింక్ ఫ్లాయిడ్ 1971లో చేసిన 'వన్ ఆఫ్ దీజ్ డేస్' మొదట్లో రెండు బేస్‌లు ఎకో యంత్రం గుండా పరుగెడతాయి. డేవిడ్ గిల్మర్‌ది ఒకటి, రోజర్ వాటర్స్‌ది ఒకటి. ఒకటి ఎడమ చెవిలో, ఇంకోటి కుడి చెవిలో. శ్రద్ధగా వింటే ఒకదాని గొంతు మొద్దుబారి ఉంటుంది. గిల్మర్ చెప్పిన కారణం ఇదీ: ఆ బేస్‌కు పాత తీగలున్నాయి. కొత్త తీగలు తెమ్మని పంపిన కుర్రాడు స్నేహితురాలిని చూడటానికి వెళ్లిపోయాడు. అలాగే రికార్డు చేశారు. ఆ తేడా వల్లే రెండు బేస్‌లు రెండు మనుషుల్లా వినిపిస్తాయి. రెండింటికీ కొత్త తీగలే ఉంటే ఆ మొదలు అంత బాగుండేదని నేను అనుకోను.

ఇది డబ్బు గురించి కూడా చెప్పే కథ. చాలాసార్లు మనకు కావాల్సింది ఇంకో బేస్ కాదు, ఇంకో గొంతు. పాత తీగ, ఫ్లాట్‌వౌండ్ తీగ, వేలికి బదులు పిక్, బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క, పికప్ మీద కాకుండా మెడ దగ్గర మీటడం, వీటిలో ఏదైనా సరే ఉన్న బేస్‌నే వేరే బేస్ చేస్తుంది. పీటర్ గేబ్రియల్ 'డోంట్ గివ్ అప్' పాట చివరి భాగంలో టోనీ లెవిన్ తీగల వెనక పసిపిల్లల డైపర్ దోపి వాయించాడు. ఆ భాగం వేరే వాయిద్యంలా ఉంటుంది.

నాలుగో రకానికి, అంటే చాలా బేస్‌లు ప్రయత్నించి ఒకటి ఎంచుకోవడానికి, 'బిల్లీ జీన్' చూడాలి. 1982లో ఆ పాటకు బేస్ వాయించిన లూయిస్ జాన్సన్ తర్వాత చెప్పినదాని ప్రకారం, మైకేల్ జాక్సన్ ఆయన్ని తన బేస్‌లన్నీ తెచ్చుకోమన్నాడు. అదే వరసను మూడు నాలుగు బేస్‌లతో వాయించి చూసి చివరికి యమహా దగ్గర ఆగారు. ఆపైన ఆ వరసనే మూడుసార్లు ఒకదాని మీద ఒకటి రికార్డు చేశారు. స్వరాలు పొట్టివి, వేగంగా నడిచేవి, కాబట్టి సాగే స్వరం దగ్గర వచ్చే ఉబ్బు తగ్గుల గొడవ అక్కడ తక్కువ. జాన్సన్ చేతి నిలకడ ఇంకో కారణం. మనం అలాగే చేస్తే అలాగే వస్తుందని అనుకోకూడదు.

చరణానికొకటి, పల్లవికొకటి

మూడో రకం అన్నిటికంటే సులువు, మన పాటలకు బాగా పనికొచ్చేది కూడా. చరణంలో ఫ్రెట్లు లేని బేస్ మెత్తగా పాడి, పల్లవిలో పిక్‌తో వాయించే బేస్ దూసుకొస్తే, మధ్యలో ఏమీ చేర్చకుండానే పల్లవి పెద్దదవుతుంది. కొన్నిసార్లు అవసరమే అలా తోస్తుంది. పల్లవి D దాకా, అంటే 36.7 హెర్ట్జ్ దాకా దిగాలి, నాలుగు తీగల బేస్‌లో అది లేదు, ఐదు తీగలది కావాలి. ఇక్కడ జాగ్రత్త ఒకటే. మారే చోట మొదటి బేస్ తోక రెండోదాని తల మీద పడకూడదు. కిక్ డ్రమ్ దెబ్బ దగ్గర మార్చితే చెవి పట్టుకోదు. అడుగు బరువు కూడా రెండు భాగాల్లో దగ్గరగా ఉండాలి, లేకపోతే పాట మధ్యలో ఎవరో స్పీకర్ మార్చినట్టుంటుంది.

తెలుగువాళ్లలో చాలామందికి బేస్ గిటార్ మీద ప్రేమ పుట్టించింది ఇళయరాజా పాటలు. ఆ పాటల్లో శశిధరన్ వాయించిన బేస్ పల్లవి కింద తనదైన ఇంకో పాట పాడుతూ ఉంటుంది. స్వరలిపిలో రాసిచ్చిన వరసను వాద్యబృందమంతా కలిసి వాయించే పద్ధతి అది. ఒక మనిషి, ఒక బేస్. దానితోనే అంత నిండుదనం వచ్చింది, ఎందుకంటే ఆ వరసలోనే కింద నడిచే స్వరాలూ పైకెక్కి పలికే స్వరాలూ రెండూ ఉన్నాయి. ఒకే బేస్ రెండు బేస్‌ల పని పంచుకుని చేసింది. రెండో బేస్ గురించి ఆలోచించే ముందు నేను ఇప్పుడు ఆ పాటల్లో ఒకటి వింటాను.

ఇప్పటి పాటల్లో పరిస్థితి వేరు. 808 అని పిలుచుకునే సాగే కిక్ శబ్దమో, సింథసైజర్ బేసో అడుగున ముందే ఉంటుంది. బేస్ గిటార్ ఆ తర్వాత, తరచుగా వేరే ఊరి నుంచి ఫైలుగా వస్తుంది. అంటే తెలిసినా తెలియకపోయినా మనం రెండు బేస్‌ల పాటే చేస్తున్నాం. బేస్ గిటార్ వాయించినవాడు నా శబ్దం మిక్స్‌లో సన్నగా అయిపోయిందని బాధపడతాడు. అడుగు 808కి ఇచ్చేశాక గిటార్‌కు మిగిలేది మధ్యభాగమే. ఆ సంగతి వాయించడానికి ముందే చెబితే, అతను పైస్థాయిలో వరస ఆలోచించుకుని వస్తాడు.

నా పల్లవి చివరికి ఎలా కుదిరింది

అడుగు నాలుగు తీగల బేస్‌కే ఇచ్చేశాను. ఫ్లాట్‌వౌండ్ తీగలతో అది అప్పటికే గుండ్రంగా ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఐదు తీగల బేస్ టేకు తీసేసి మళ్లీ వాయించాను. ఈసారి పిక్‌తో, అరచెయ్యి బ్రిడ్జికి ఆనించి, ప్రతి స్వరాన్నీ సగంలోనే తుంచేస్తూ. వాయించేటప్పుడు హెడ్‌ఫోన్‌లో డ్రమ్ముల కంటే మొదటి బేస్‌నే గట్టిగా పెట్టుకున్నాను, ఎందుకంటే కలవాల్సింది దానితో. శ్రుతి చూసుకున్నది వదిలేసిన తీగ మీద కాదు, పాటలో నిజంగా నొక్కే ఫ్రెట్ల దగ్గర. తర్వాత హై పాస్ ఫిల్టర్‌తో రెండో బేస్‌లో 180 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేశాను. విడిగా వింటే అది బొమ్మ గిటార్‌లా ఉంది. ఇక్కడ చాలామంది భయపడి కాస్త అడుగు తిరిగి కలుపుతారు. ఆ ట్రాకును విడిగా వినడం మానేయడమే మేలు.

మిక్స్‌ను మోనోలో, అంటే ఎడమ కుడి ధ్వనులను ఒకటిగా కలిపి, విన్నాను. స్టీరియోలో దాక్కునే ఫేజ్ తగాదాలు మోనోలో బయటపడతాయి. బేస్ ధ్వనులను మామూలుగా మధ్యలోనే ఉంచడానికి కూడా ఇదొక కారణం. వినైల్ రోజుల్లో అయితే ఎడమ కుడి స్పీకర్ల మధ్య అడుగు ధ్వని ఎదురెదురుగా తిరిగితే సూది గాడి లోంచి ఎగిరిపోయే ప్రమాదం ఉండేది.

మూడో పాదం చివర పట్టుకునే ఆ స్వరం దగ్గర రెండో బేస్‌ను ఒక్క 'టక్' దగ్గరే ఆపేశాను. తర్వాతి మూడు సెకన్లూ నాలుగు తీగల బేస్ ఒక్కటే మోగుతుంది. మర్నాడు పాటను మిత్రుడి ఫోనుకు పంపాను. బస్సులో, ఇయర్‌ఫోన్లు లేకుండా, ఫోను స్పీకర్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడట. తన బేస్ ఎక్కడుందో తెలియలేదు గానీ, పల్లవిలో బేస్ వాయించిన ప్రతి స్వరమూ తెలిసిందని చెప్పాడు.